తొమ్మిది అంతస్తుల నల్లతెర

మా ఆయన కంప్యూటర్ ఆన్ చేస్తే ఏమీ రాదు. చెడిపోయి కాదు, ఏమీ రాకూడదనే ఆయన దాన్ని అలా తయారుచేసుకున్నారు. పాస్‌వర్డ్ కొట్టాక నల్లటి తెర ఒకటి వచ్చి కూర్చుంటుంది, అంతే. ఐకాన్లు లేవు, కింద పట్టీ లేదు, గడియారం లేదు, మూలన బ్యాటరీ బొమ్మ లేదు. తెలియనివాళ్ళు చూసి "అయ్యో, పాడైపోయినట్టుందే" అని జాలిపడతారు. వాళ్ళలా జాలిపడితే ఆయనకి ఎక్కడలేని ఆనందం.

ఆయన చెప్పగా చెప్పగా నాకు అర్థమైంది ఇంత. మామూలు కంప్యూటర్లో మన కంటికి కనబడకుండా బోలెడుమంది పనివాళ్ళుంటారట. వైఫై కలిపేవాడొకడు, పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరిచి చూపించేవాడొకడు, సౌండ్ పెంచేవాడొకడు, బ్యాటరీ అయిపోతోంది మొర్రో అని అరిచేవాడొకడు. వీళ్ళందరినీ కలిపితే డెస్క్‌టాప్. మా ఆయన అందరినీ ఉద్యోగాల్లోంచి పీకేసి, విండోలు సర్దేవాణ్ణి ఒక్కణ్ణే ఉంచుకున్నారు. వాడి పేరు విండో మేనేజర్. వాడికి వచ్చిన విద్య ఒక్కటే. ఒక విండో తెరిస్తే తెరంతా దానికిచ్చేస్తాడు, రెండోది తెరిస్తే చెరిసగం చేస్తాడు, మూడోది తెరిస్తే అందులో మళ్ళీ సగం. స్నానాలగదిలో టైల్స్ పరిచినట్టు పరుచుకుంటూ పోతాడు. విండో మూయడానికి ఇంటూ గుర్తు ఉండదు, కిందికి దించడానికి గీత ఉండదు. దేనికైనా కీలు నొక్కాల్సిందే.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అందుకే కాబోలు, అలాంటి నల్లతెరలు ఆ కంప్యూటర్లో ఒకదాని వెనక ఒకటి తొమ్మిదుంటే వాటిని అంతస్తులంటారు. ఒక కీ పట్టుకుని అంకె నొక్కితే ఆ అంతస్తుకి వెళ్తాం. మెయిల్ రెండో అంతస్తు, పాటలు ఐదో అంతస్తు. ఎక్కడ ఏముందో బయటికి కనబడదు, వెళ్ళి చూసుకోవాలి. ఏమీ తెరవని అంతస్తుకి వెళ్తే మళ్ళీ అదే చీకటి.

"ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా?" అంటారు ఆ చీకటి చూపించి మురిసిపోతూ. నాకు ఒళ్ళు మండిపోతుంది. పవర్ బటన్ దగ్గర వెలిగే చిన్న లైటు కూడా కళ్ళలో పొడుస్తోందని దాని మీద నల్ల టేపు అంటించిన మనిషికి ప్రశాంతత గురించి ఏం చెబుతాం?

మా అత్తగారికి ఈ గొడవ లేదు. ఆ కంప్యూటర్లో ఆవిడకి మూడే మూడు కీలు వచ్చు. సీరియల్ తెరవడం, మూయడం, సౌండ్ పెంచడం. "అలవాటైతే ఏముందమ్మా, చిటికెలో పని" అని నాకు ధైర్యం చెబుతారు. ఆవిడ ధైర్యం చెప్పినప్పుడల్లా నా కోపం ఇంకో మెట్టెక్కుతుంది.

ఆయనకి ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో నాకు బాగా తెలుసు. అప్పట్లో నేను ఆసుపత్రుల్లో దుబాసీగా పనిచేసేదాన్ని. రోగి భాష డాక్టరుకి రాదు, డాక్టరు భాష రోగికి రాదు, మధ్యలో నేను. మా పనిలో ఒక పద్ధతుంది. రోగి "నాకు నొప్పిగా ఉంది" అంటే దుబాసీ "ఈవిడకి నొప్పిగా ఉందట" అనకూడదు. "నాకు నొప్పిగా ఉంది" అనే చెప్పాలి. రోగి ఏడుస్తూ "నేనేం పాపం చేశానండీ" అంటే నేనూ "నేనేం పాపం చేశానండీ" అనాల్సిందే. సొంత మాట ఒక్కటి కూడా మధ్యలో దూర్చకూడదు. కొన్నిసార్లు ఇంట్లోంచి ఫోన్లో పనిచేసేదాన్ని. మా ఆయన గుమ్మంలో నిలబడి వినేవారు. అయ్యాక "ఇవాళ నీకేం జబ్బు?" అని ఆటపట్టించేవారు.

ఆ రోజుల్లోనే ఆయన లిఫ్టు గుంటలో పడ్డారు. తుంటి ఎముక విరిగింది, కుడి చెయ్యి విరిగింది. నేను ఉద్యోగం మానేశాను. ఎవరూ మానమనలేదు, వేరే దారి లేక మానేశాను. ఆ మంచం మీదే, కుడి చేత్తో మౌస్ పట్టుకోలేక, ఎడమ చేత్తో ఒక్కొక్క కీ నొక్కుకుంటూ ఈ నల్లతెర విద్య మొదలుపెట్టారు. కట్టు విప్పారు. కర్ర వదిలేశారు. మళ్ళీ లిఫ్టుల దగ్గరికి వెళ్ళారు. నల్లతెర మాత్రం ఆయన్ని వదల్లేదు. నేను మళ్ళీ పనిలోకి వెళ్ళడం అనేది ఇవాళా రేపూ అంటూ ఏళ్ళు గడిచి, చివరికి మాటల్లోంచే పోయింది.

ఈమధ్య ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు వీడియోలో పనిచేసే దుబాసీలు కావాలన్నారు. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్నదాన్ని ఎవరు పిలుస్తారులే అనుకున్నాను. పిలిచారు. ముందు పరీక్ష, తర్వాత మాటలు, రెండూ కంప్యూటర్ మీదే. నాకు భయమేసింది. ఈ ఒక్కటీ పోతే మళ్ళీ నన్ను పిలిచేవాళ్ళు ఉండరు. ఆ సంగతి తెలిసి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.

సరిగ్గా అప్పుడే నా లాప్‌టాప్ తెర విరిగి చేతిలోకొచ్చింది. రిపేరు షాపువాడు రోజూ "రేపు రండి మేడమ్" అనడమే గాని ఇచ్చిన పాపాన పోలేదు.

"నాది వాడుకో. రాయిలా పనిచేస్తుంది," అన్నారు మా ఆయన.

"రాయిలాగే ఉంటుంది."

"ఇంటర్వ్యూ ఒకటో అంతస్తులో తెరిచిపెడతా. నువ్వు ఏమీ ముట్టుకోనక్కర్లేదు. పైగా ఆ టైముకి నేను ఇంట్లోనే ఉంటాగా."

"మధ్యలో చార్జింగ్ అయిపోతే?"

"నాలుగు గంటలు ఆగుతుంది. దండగ ప్రోగ్రాములేవీ లేవు కదా, బ్యాటరీ తినదు," అన్నారు గర్వంగా, ఆ బ్యాటరీని తనే కన్నట్టు.

ఆ రోజు పొద్దున్న అన్నీ సిద్ధం చేసి, చొక్కా మార్చుకుంటుండగా ఆయన ఫోన్ మోగింది. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట. "మనుషులు ఇరుక్కుపోయారు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా," అని వెళ్ళిపోయారు. ఇరుక్కుపోయినవాళ్ళ లెక్కలో నేను లేను.

హాల్లో అత్తగారి టీవీ, కిటికీ బయట రోడ్డు తవ్వే మిషను. ఆయన లాప్‌టాప్ చార్జింగ్ వైరు పీకేసి పడకగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. ఫోన్ గదిలో ఉండకూడదని ముందే చెప్పారు కాబట్టి అత్తగారి చేతికిచ్చాను. "ఎవరు చేసినా నన్ను పిలవకండి. ఇంటర్వ్యూలో ఉందని చెప్పండి," అన్నాను.

"అలాగేనమ్మా. ఎవరొచ్చినా ఈ గుమ్మం దాటనివ్వను," అన్నారావిడ నడుం బిగించి.

ఇంటర్వ్యూ చేసేది ఒక పెద్దావిడ. పక్కనే ఒక డాక్టరు, రోగిలా నటించడానికి ఒక ఉద్యోగి. మొదట్లో నోరు ఎండిపోయింది. రోగిగారు "నాకు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది" అనగానే నా నోట ఆ మాట అటు భాషలో తనంతట తనే వచ్చేసింది. తర్వాత ఇంకోటి. తర్వాత డాక్టరు ప్రశ్న ఇటు. నాలుక మరిచిపోలేదు. చాలా ఏళ్ళ తర్వాత నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

అంతలో డాక్టరు గొంతు చిన్నదైనట్టనిపించి సౌండ్ పెంచబోయాను. అత్తగారు నొక్కే కీ నేను నొక్కితే ఇంకేదో అయింది. మనుషులందరూ మాయం. నల్లతెర.

 ఏదో నొక్కాను, ఇంకేదో నొక్కాను, చీకట్లోంచి ఇంకో చీకట్లోకి వెళ్ళాను. ఇయర్‌ఫోన్‌లో మాత్రం పెద్దావిడ గొంతు హాయిగా వినిపిస్తోంది. "ఏమైందండీ? మీరు మాకు బాగానే కనిపిస్తున్నారు, వినిపిస్తున్నారు. కానివ్వండి." అప్పుడర్థమైంది. నేను వేరే అంతస్తుకి వచ్చాను, వాళ్ళు ఒకటో అంతస్తులో క్షేమంగానే ఉన్నారు. తెర నల్లబడినంత మాత్రాన కొంప మునగదు. మా పనికి కావలసింది చెవులే కదా అని కాసేపు ఆ చీకటికే అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పుకుంటూ పోయాను. తర్వాత నెమ్మదిగా ఒకటో అంకె నొక్కితే మళ్ళీ మనుషులు కనిపించారు.

"పరీక్ష చాలా బాగా చేశారు," అంది పెద్దావిడ. "ఇంకొక్క ప్రశ్న. ఇన్నేళ్ళు పని ఎందుకు మానేశారు? ఇప్పుడు మళ్ళీ ఎందుకు రావాలనుకుంటున్నారు? తొందరేమీ లేదు. మేం మధ్యలో అడ్డం రాము, మైకులు ఆపేస్తున్నాం."

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. కుటుంబ కారణాలు, బాధ్యతలు, కొత్త ఉత్సాహం అంటూ నున్నటి జవాబొకటి బట్టీపట్టి ఉంచాను. "మా ఇంట్లో..." అని మొదలుపెట్టానో లేదో మళ్ళీ నల్లతెర.

నెత్తి కొట్టుకున్నంత పనైంది. మోచెయ్యి తగిలిందేమో అనుకున్నాను. ఈసారి మాత్రం ఏ కీ ముట్టుకోదలుచుకోలేదు. ముట్టుకుంటే ఇంకెక్కడికి పోతానో! వాళ్ళు మైకులు ఆపేశారు కాబట్టి చప్పుడు లేదు. నేను వాళ్ళకి కనిపిస్తూనే ఉంటాను. ఆగితే తడబడ్డాననుకుంటారు. ఆగకుండా చెప్పడమే.

తీరా చూస్తే బట్టీపట్టిన జవాబు రాలేదు. ఎదురుగా మొహాలుంటే వచ్చేదేమో. ఆ చీకటి ఎదురుగా నున్నటి మాట ఒక్కటీ నోటికి తగల్లేదు, కోపం మాత్రం తగిలింది.

"మా ఇంట్లో మనిషి మంచాన పడితే మానేశాను," అన్నాను. "అందుకు నాకు బాధలేదు. మళ్ళీ పడితే మళ్ళీ మానేస్తాను. కానీ ఆయన లేచారు. నడిచారు. ఆయన పనికి వెళ్ళిన రోజు ఇంట్లో అందరూ సంతోషంతో ఏడ్చారు. నేనూ ఏడ్చాను. సాయంత్రం ఆయనొచ్చాక, కాళ్ళు నొక్కుతూ ఎదురుచూశాను. ‘మరి నువ్వెప్పుడు వెళ్తావు?’ అని అడుగుతారని. అడగలేదు. పోనీ మర్నాడు అడుగుతారనుకున్నాను. చెడ్డమనిషి కాదండీ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి నా దారి నేను చూసుకునేదాన్ని. ఆయనకి ఆ మాట తట్టలేదు, అంతే. ఇంట్లో దీపం వేస్తే వెలిగినట్టు నేను ఇంట్లో ఉంటాను. నేనొక పని చేసేదాన్ననీ, అది నాకు బాగా వచ్చనీ ఆ ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు. నేనే అడగొచ్చుగా అంటారేమో. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడిగి తెచ్చుకోవాలా అని రోషం. లిఫ్టు గుంటలోంచి ఆయన్ని నలుగురు పట్టి పైకి తీశారండీ. నన్ను పైకి రమ్మని ఒక్కరు అనలేదు. నాకు జాలి అక్కర్లేదు. నా పని నాకు కావాలి. అంతే."

చెప్పేసి కళ్ళు తుడుచుకున్నాను. అవతల చప్పుడు లేదు. "హలో? వినిపించిందాండీ?" అన్నాను. జవాబు లేదు. ఒకటి నొక్కాను, నలుపు. రెండు, నలుపు. తొమ్మిదో అంతస్తుదాకా ఎక్కి దిగాను. అంతటా నలుపే.

"అది ఆగిపోయింది," అని వెనకాల ఎవరో అన్నారు.

తలుపు తీసుకుని మా ఆయన నిలబడున్నారు. మోచేతులదాకా గ్రీజు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఆగిపోవడమేమిటి?"

"బ్యాటరీ అయిపోయింది. ఫ్యాను తిరగట్లేదు చూడు. వీడియో కదా, ఎక్కువ తినేసింది. నేనొచ్చేసరికే ఆగిపోయి ఉంటుంది."

"అయిపోతుంటే చెప్పదా ఇది?"

"చెప్పదు. ఆ చెప్పేది నేను పెట్టలేదు. నాకెప్పుడూ అవసరం పడలేదు." ఒక్క క్షణం ఆగి, "రెండు లైన్లు రాస్తే చెబుతుంది," అన్నారు.

ఇక నాకు చిర్రెత్తుకొచ్చింది. "రెండు లైన్లా! ప్రతి ఆదివారం పొద్దున్నించీ సాయంత్రందాకా ఆ తెర ముందు కూర్చుని గీతల మందం మారుస్తారే, అంచుల రంగు మారుస్తారే, ఆ రెండు లైన్లు రాయడానికి చేతులు రాలేదా? మీకు అవసరం పడలేదు! మీకు అవసరం పడనిది ఈ ఇంట్లో ఏదీ ఉండదు కదా! నా ఉద్యోగం పోయిందండీ. గోడకి చెప్పుకున్నట్టు చచ్చిపోయిన పెట్టెకి చెప్పాను ఇంతసేపూ. ఉన్నదంతా చెప్పాను!"

ఆయన లాప్‌టాప్ తీసుకుని మంచం వెనక ప్లగ్గు కోసం వంగారు. వైరు హాల్లో ఉందని గుర్తొచ్చి మళ్ళీ లేచారు. లేచి, ఎటూ వెళ్ళకుండా అక్కడే నిలబడిపోయారు.

"ఇందాకట్నుంచీ గుమ్మంలోనే ఉన్నా," అన్నారు. "నీ గొంతు వినిపించింది. పని మధ్యలో పలకరించకూడదు కదా అని ఆగా. ఎవరో రోగి మాట చెబుతున్నావనుకున్నా. ఎవరో పాపం ఆవిడ, ఎంత కష్టం వచ్చింది అనుకున్నా. ఆ మొగుడెవడో బొత్తిగా బుద్ధిలేనివాడు అనుకున్నా." గ్రీజు చేతులు చొక్కాకి తుడుచుకున్నారు. ఉతికేది నేనే అన్న సంగతి కూడా తట్టలేదు. "ఆ తర్వాత లిఫ్టు గుంట అన్నావు."

నాకు ఇంకా తిట్టాలని ఉంది. ఎంత వెతికినా తిట్టు దొరకలేదు. తను అన్న ఆ మాట, నేనెన్ని తిట్లు తిట్టినా తగలనంత గట్టిగా ఆయనకే తగిలింది. అందుకూ కోపమే వచ్చింది. తిట్టుకునే సుఖం కూడా నాకు మిగల్చలేదు.

అంతలో అత్తగారు నా ఫోన్ పట్టుకుని విజయగర్వంతో లోపలికొచ్చారు.

"అయిపోయిందా అమ్మా? ఎవరో ఆవిడ ఒకటే ఫోన్లు! ఆసుపత్రి అంటుంది, ఏదో తెగిపోయింది అంటుంది. నేను ఊరుకుంటానా? ‘మా కోడలు ఇంటర్వ్యూలో ఉంది, ఇప్పుడు పిలవడం కుదరదు, పదేపదే చేసి విసిగించకండి’ అని గట్టిగా చెప్పి పెట్టేశా."

నేను మంచం మీద కూలబడ్డాను. మా ఆయన "అమ్మా!" అన్నారు. ఆవిడకి ఏమీ అర్థం కాక "మరి నువ్వేగా చెప్పమన్నావు?" అని నా వంక చూశారు. నిజమే, నేనే చెప్పమన్నాను. ఫోన్ లాక్కుని ఆ నంబరుకి చేశాను. 

పెద్దావిడే ఎత్తింది. నవ్వుతోంది. "మీ అత్తగారు చాలా గట్టివారండీ," అంది. క్షమించమన్నాను, బ్యాటరీ అయిపోయిందన్నాను. "మీ పరీక్ష గురించి మాకు అనుమానం లేదు. ఆ ఆఖరి ప్రశ్నే మిగిలింది. ‘మా ఇంట్లో’ అన్నారు, అక్కడ తెగిపోయింది. ఇప్పుడు చెప్పగలరా?"

ఆ మాట గదిలో అందరికీ వినిపించింది. మా ఆయన తలొంచుకుని బయటికి వెళ్ళబోయారు. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి "ఉండండి," అన్నాను.

"నేనుంటే చెప్పలేవేమో."

"ఉండమన్నానా!"

గోడకి ఆనుకుని నిలబడిపోయారు. అత్తగారు మంచం చివర కూర్చున్నారు. బట్టీపట్టిన నున్నటి జవాబు ఇప్పుడు సుబ్బరంగా గుర్తొచ్చింది. దాన్ని పక్కన పెట్టేశాను.

మళ్ళీ చెప్పాను. ఇందాకటంత బాగా రాలేదు. ఎదురుచూశానన్న మాట మాత్రం వదల్లేదు, ఎవరూ అడగలేదన్న మాట వదల్లేదు. అత్తగారు మొదట ఎవరి సంగతో అన్నట్టు విన్నారు. తర్వాత కొడుకు వంక చూశారు, తర్వాత తన చేతులవంక చూసుకున్నారు. ఆవిడ కూడా ఎప్పుడూ అడగలేదు.

చెప్పడం అయింది. ఈసారి తెగిపోలేదని నాకు తెలుస్తూనే ఉంది, ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

"మరి ఇప్పుడు ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటారా?" అని అడిగింది.

ఇంతా విని అడిగే ప్రశ్నేనా అది! గోడ దగ్గర మా ఆయన గబగబా తలూపుతున్నారు, చెప్పు చెప్పు అని చేత్తో సైగలు చేస్తున్నారు. అత్తగారు కూడా తలూపుతున్నారు. ఇన్నేళ్ళకి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

"ఇది వాళ్ళు ఒప్పుకునే విషయం కాదండీ," అన్నాను. మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"సోమవారం నుంచి శిక్షణ. రాగలరా?"

ఆయన్ని అడగలేదు. ఆయన వైపు చూడను కూడా లేదు.

"వస్తాను," అన్నాను.